నల్ల వంతెన ఎదురుగా తొమ్మిది హోల్స్

అమెరికాలో న్యూయార్క్ పక్కనున్న జెర్సీ సిటీలోని స్కైవే గోల్ఫ్ కోర్సుకు (గోల్ఫ్ మైదానానికి) ఫీజు ఎంత, కార్టు దొరుకుతుందా లాంటివి రాయడం లేదు. ఫోన్‌లో చూస్తే తెలుస్తాయి. ఎనిమిది సీజన్లుగా అక్కడ ఆడుతున్నాను. మళ్లీ మళ్లీ వెళ్లడానికి కారణం ఒక్కటే. టీ దగ్గర, అంటే ఒక్కో హోల్‌కు మొదటి దెబ్బ కొట్టే చోట, నిలబడి తలెత్తితే పులాస్కీ స్కైవే కనిపిస్తుంది.

1932లో తెరిచిన ఉక్కు వంతెన అది. హాకెన్‌సాక్, పసాయిక్ నదులు రెండింటినీ దాటుకుంటూ పక్క ఊరైన న్యూవార్క్ వైపు మూడున్నర మైళ్లు సాగుతుంది. నల్ల రంగు, అడ్డదిడ్డంగా అల్లినట్టు ఉక్కు దూలాలు. 1934 నుంచే దాని మీదకు ట్రక్కులను రానివ్వరు. అందుకే ట్రక్కులన్నీ కోర్సును ఆనుకుని ఉన్న కింది రోడ్డు మీద పోతాయి. నది ఒడ్డున కొంగలు, తలపైన విమానాలు. తూర్పున మన్‌హట్టన్ మేడలు కూడా కనిపిస్తాయి. ఫ్రెండ్స్ ఎక్కువగా ఫోటోలు తీసేది వాటినే. నా కళ్లు మాత్రం వంతెన వైపే పోతాయి.

2017లో ప్రెసిడెంట్స్ కప్ గోల్ఫ్ పోటీ చూడ్డానికి ఇదే ఊళ్లోని లిబర్టీ నేషనల్ కోర్సుకు వెళ్లాను. అది ఒకప్పుడు పరిశ్రమల స్థలం. లిబర్టీ విగ్రహం చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా ఉంది. చాలా అందమైన కోర్సు. కానీ అక్కడ ఊరు దూరం నుంచి చూసే బొమ్మలా అనిపించింది. స్కైవే కోర్సులో అలా కాదు. పాత చెత్తదిబ్బను మట్టితో కప్పి, 2015లో కోర్సుగా తెరిచారు. చుట్టూ ఊరు తన పని తాను చేసుకుంటూ ఉంటుంది, మధ్యలో మనం ఆడుకుంటాం. నేను పుట్టి పెరిగింది రామగుండంలో. చిమ్నీలు కనిపించని ఆకాశం నాకు ఇప్పటికీ కొత్తగానే ఉంటుంది.

మూడో సీజన్‌లో బాపు, అంటే మా నాన్న, వచ్చారు. ఉద్యోగమంతా థర్మల్ స్టేషన్‌లోనే చేసి రిటైరయ్యారు. గోల్ఫ్ స్టిక్ ఎన్నడూ పట్టలేదు. ఇంట్లో కూర్చుంటే పొద్దు పోదని నాతో తీసుకెళ్లాను. మొదటి రెండు హోల్స్ దాకా ఆయన ఆట చూడనేలేదు. వంతెన దూలాలు ఎక్కడ కలుస్తున్నాయో వేలితో చూపిస్తూ నడిచారు.

తర్వాత ఒక పార్-3 (మూడు దెబ్బల్లో ముగించాల్సిన హోల్) దగ్గర గాలి తెలియక టెన్షన్ పడుతున్నాను. ఇక్కడ గాలి ఎటు తిరుగుతుందో చూద్దామంటే దగ్గర్లో చెట్లు తక్కువ. సెవెన్ ఐరన్ అనే స్టిక్ తీశాను, లోపల పెట్టాను, మళ్లీ తీశాను. బాపు అడిగారు, "ఏందిరా, ఏం జూస్తున్నవ్?" గాలి ఎటునుంచి వస్తోందో తెలియట్లేదన్నాను. ఆయన పైకి చూపించారు. "గా విమానాలు సూడు. మన మీదికెల్లి ఎయిర్‌పోర్టుకు దిగుతున్నయి. గాలికి ఎదురుగనే దిగుతయి గద. అంటే గాలి అటుకెల్లి వస్తున్నట్టు. మా ప్లాంటుల పొగ సూసి చెప్పెటోళ్లం, ఇక్కడ పొగ లేదు, విమానాలున్నయి."

నిజమే. న్యూవార్క్ విమానాశ్రయం కోర్సుకు నైరుతి దిక్కున ఉంది. పెద్ద రన్‌వేలు రెండూ ఈశాన్యం నుంచి నైరుతికి పరుచుకుని ఉంటాయి. విమానాలు మన వైపు నుంచి అటు దిగుతున్నాయంటే నైరుతి గాలి వీస్తున్నట్టు. అప్పటికి మూడేళ్లుగా ఆ విమానాలను చూస్తూనే ఉన్నాను, ఈ ఆలోచన ఒక్కసారీ రాలేదు. ఎదురుగాలి కాబట్టి, సెవెన్ కన్నా బంతిని ఎక్కువ దూరం పంపే సిక్స్ ఐరన్ తీసి కొట్టాను. బంతి గ్రీన్ మీదే, అంటే గుంట చుట్టూ ఉండే నున్నని గడ్డి మీదే ఆగింది. బాపు ఏమీ అనలేదు, వంతెన వైపే చూస్తున్నారు.

ఆ రోజు నుంచి స్టిక్ ఎంచుకునే ముందు ఆకాశం చూడటం అలవాటైంది. కోర్సుకు కొత్తగా వచ్చిన ఎవరికైనా ఈ మాటే చెప్పేవాణ్ని. అయితే తర్వాతి సీజన్లలో గమనించింది కూడా చెప్పాలి. విమానాలు చూపేది ఆ పూట మొత్తం మీద గాలి ఎటుందన్నదే. సాయంత్రం నది మీది నుంచి గాలి పక్కకు కొడితే ఆ లెక్క తప్పుతుంది. ఇప్పుడు ఆకాశం చూశాక చిటికెడు గడ్డి కూడా గాల్లోకి వదిలి చూస్తున్నాను. గాలి తక్కువున్న రోజున విమానాల మాట అసలు పట్టించుకోను.

వంతెన గురించి కూడా ఒక మాట. మొదటి ఏళ్లలో దాన్ని ఎంత చూసినా తనివి తీరేది కాదు. ఇప్పుడు మధ్యాహ్నం ఎండలో అంతగా ఆకట్టుకోవడం లేదు. నీడ దొరకక, ట్రక్కుల మోత ఆగక, నాలుగో హోల్‌కే అలసిపోతాను. దాని అసలు అందం అక్టోబరు సాయంత్రాల్లో, వెలుగు పడమర నుంచి పక్కగా పడి ఒక్కో దూలం విడిగా కనిపించినప్పుడు. అందుకే ఇప్పుడు వీలైనంతవరకు సాయంత్రాలే వెళ్తున్నాను.

నేను ఇదే ఊళ్లో జర్నల్ స్క్వేర్‌లో ఉంటాను, కారులో కాసేపట్లో చేరిపోతాను. పిల్లలు చిన్నవాళ్లు, ఇంట్లో చెప్పి రెండు గంటలకు మించి బయట ఉండలేను. తొమ్మిది హోల్స్ నాకు సరిపోతాయి. వారాంతమంతా ఖాళీగా ఉండి, ఎత్తైన చెట్ల మధ్య నిశ్శబ్దంగా ఆడాలనుకునేవాళ్లకు ఈ కోర్సు నచ్చుతుందో లేదో చెప్పలేను. మోంటానాలోని అనకొండలో పాత రాగి కర్మాగారం ఉన్నచోట 1997లో తెరిచిన ఓల్డ్ వర్క్స్ కోర్సు ఉంది. అక్కడ బంకర్లలో, అంటే బంతికి అడ్డుగా ఉంచే గుంటల్లో, ఇసుకకు బదులు రాగి కరిగించగా మిగిలిన నల్ల చిట్టెం పోశారు. బాపు మళ్లీ వస్తే అక్కడికి తీసుకెళ్లాలని ఉంది. ఈలోగా ఆయన ఫోన్ చేసినప్పుడల్లా ముందు అడిగేది ఒకటే: "విమానాలు ఎటుకెల్లి దిగుతున్నయి?"