రెండు తాళాల కానుకల పెట్టె: కొనే ముందు చూడాల్సినవి

ఒడిశాలోని గుణుపురం, పర్లాకిమిడి వైపు వెల్డింగ్ షాపుల్లో చర్చిల కోసం చేసిచ్చే రెండు తాళాల ఇనప పెట్టె మంచి వస్తువే. కొనండి. కానీ షాపువాళ్లు చేసిన కొలతల్లోనే తీసుకోకండి.

ముందు కన్నం చూడండి. 500 నోటు వెడల్పు 66 మిల్లీమీటర్లు, కాబట్టి కన్నం 80 పొడవు, 6 వెడల్పు ఉంటే చాలు. వేలు దూరేంత కన్నం పెడితే పుల్లకి జిగురు రాసి నోట్లు లాగేస్తారు. కన్నం కింద లోపలివైపు ఏటవాలుగా ఒక రేకుముక్క అతికించమనండి. బందులు బయటికి ఉంటే సీల కొట్టి తాళాలు ముట్టుకోకుండానే మూత ఊడదీయొచ్చు, అందుకని లోపలికే ఉండాలి. తుప్పు ఆపే అడుగుపూత, అంటే రెడ్ ఆక్సైడ్, వేయకుండా పైరంగు కొడితే వానలకి అంచులు తుప్పు పడతాయి.

తాళంచెవుల దగ్గరే ఎక్కువ సంఘాలు దెబ్బతింటున్నాయి. మారుచెవులతో సహా రెండు తాళాల చెవులూ ఒకే ఇంట్లో ఉంటే అది ఒక తాళం పెట్టే. ఒకటి కోశాధికారి దగ్గర, రెండోది ఆయన బంధువు కాని పెద్ద దగ్గర ఉండాలి. స్త్రీల సమాజం నుంచి ఒకరైతే మరీ మంచిది. ఆరాధన అవగానే అందరి ముందు తెరిచి, ఏ నోట్లు ఎన్నో రాసి, ఇద్దరూ సంతకం పెట్టాలి. ఒడియా చదివే విశ్వాసులుంటే మొత్తం ఎంతో ఆ భాషలోనూ రాయండి. పక్కన అతికించిన క్యూఆర్ కోడ్ పాస్టరు గారి సొంత ఖాతాది అయితే మాత్రం ఈ పెట్టె దండగ.

ఇలా లెక్క అడిగితే "ఉద్దేశం ఏదైతేనేం, సువార్త అందుతోందిగా" అనేవాళ్లు ఫిలిప్పీ 1:18 చూపిస్తారు. అసూయతో ప్రకటించేవాళ్ల వల్ల కూడా క్రీస్తు ప్రకటింపబడుతున్నాడని పౌలు సంతోషించిన మాట నిజమే. అదే పత్రిక 2:3లో కక్షతో, వృథాతిశయంతో ఏమీ చేయొద్దన్నాడు. చందా పంపాల్సి వచ్చినప్పుడైతే ఎవరూ తప్పు మోపకుండా నమ్మకమైన మనుషుల్ని కలిపి పంపాడు (2 కొరింథీ 8:18-21). శిష్యుల డబ్బు సంచి ఒక్క ఇస్కరియోతు యూదా చేతిలో ఉన్నందువల్ల ఏమైందో యోహాను 12:6లో ఉంది. పరిచర్యలో ఉద్దేశం ముమ్మాటికీ ముఖ్యం. అయితే ఇంకొకరి మనసు తెరిచి చూడలేం, పెట్టె తెరిచి చూడగలం. యోవాషు రాజు కాలంలో యాజకుడు యెహోయాదా మూతకి కన్నం చేసిన పెట్టె పెట్టినప్పుడు, రాజు తరఫు అధికారీ ప్రధాన యాజకుడూ ఇద్దరూ వచ్చే లెక్కపెట్టేవారు (2 రాజులు 12). మంచి పాస్టరుకి ఇదే రక్ష. నిందపడితే ఆయన చూపించడానికి రెండు సంతకాల రిజిస్టరు ఉంటుంది.

పెట్టె అడుగున నాలుగు బోల్టు కన్నాలు కూడా వేయించి నేలకి బిగించండి. తాళాలెంత గట్టివైనా, బిగించని పెట్టెని మొత్తంగా ఎత్తుకుపోవచ్చు.