ఆడ కుక్కల హీట్ (ఎద) ఆపే స్ప్రే, సూది అంటూ అమ్ముతున్నారు, కొనేముందు ఇది చదవండి

రెస్క్యూ నుంచి, అంటే వీధి కుక్కల్ని కాపాడి దత్తతకు ఇచ్చేవాళ్ల దగ్గర్నుంచి, ఆడ కుక్కను తెచ్చుకున్నవాళ్లు, తెచ్చుకోబోతున్నవాళ్లు కాస్త జాగ్రత్త. చిత్త కార్తె దగ్గర పడుతోంది. మన ఊరి కుక్కలు ఎక్కువగా వానాకాలం చివర్లోనే ఎదకు వస్తాయి కాబట్టి పెట్ షాపుల్లో "హీట్ కంట్రోల్" సరుకంతా ఇప్పుడు ముందు వరసలోకి వచ్చేస్తుంది. హైదరాబాద్‌లో ఒక షాపులో నేను కొన్నవి ఎందుకూ పనికిరాలేదు. డబ్బు పోతే పోయింది, ఆఖర్న ఆ షాపతను అంటగట్టబోయిన సూది మాత్రం కుక్క ప్రాణం మీదకు తెచ్చే రకం.

మా చిట్టి ఇండీ, అంటే మన దేశీ వీధి కుక్క. దాన్ని ఇచ్చినాయన అడాప్షన్ ఫీజు కాక, పిల్లలు పుట్టకుండా చేసే "ఆపరేషన్ ఖర్చు" అని విడిగా తీసుకున్నారు. కాగితం అడిగితే వాట్సాప్‌లో పంపిస్తానన్నారు, పంపలేదు. కొన్నాళ్లకు సోఫా మీద రక్తపు చుక్కలు కనబడ్డాయి. వెనక వాచింది, ఊరికే నాక్కుంటోంది. ఫోన్ చేస్తే "ఆపరేషన్ అయినా ఒక్కోసారి అలా వస్తుంది లెండి" అన్నారు. అలా రాదండీ. అండాశయాలు తీసేసిన కుక్క హీట్‌కి రాదు. లోపల ముక్క ఏదైనా మిగిలిపోతే రావచ్చు గానీ అది అరుదు. వెట్ స్కానింగ్ చేసి గర్భసంచి చక్కగా ఉందని, అసలు ఆపరేషనే జరగలేదని తేల్చారు.

అందుకే ఆపరేషన్ డబ్బులు ఎవరడిగినా తేదీ, క్లినిక్ పేరు, డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న కాగితం చేతిలో పడ్డాకే ఇవ్వండి. ఏబీసీ (వీధి కుక్కల సంతాన నియంత్రణ) కార్యక్రమం కింద పట్టుకెళ్లి ఆపరేషన్ చేసి వదిలిన వీధి కుక్కకు చెవి కొద్దిగా కత్తిరించి ఉంటుంది. క్లినిక్‌లో చేయించినదానికి ఆ గుర్తు ఉండకపోవచ్చు. కుట్ల మచ్చ పొట్ట కింద మధ్యలో గానీ, డొక్క పక్కన గానీ ఉంటుంది, వెంట్రుకలు పెరిగాక మన కంటికి ఆనదు. ఇంటికి తెచ్చిన వారంలోనే వెట్‌కి చూపించడం మేలు.

ఇక స్ప్రే సంగతి. సీసా మీద "మగ కుక్కలు దరిచేరవు" అని పెద్ద అక్షరాలు. లోపల ఏముందో రాయలేదు, "హెర్బల్" అని మాత్రం ఉంది. తయారుచేసినవాళ్ల చిరునామా లేదు. మూత తీస్తే జలుబు బామ్ వాసన. తోక దగ్గర రెండు సార్లు కొట్టేసరికి చిట్టి తుమ్మి తుమ్మి, నేల మీద కూర్చుని వెనక భాగం రాసుకుంటూ ఇల్లంతా తిరిగింది. సాయంత్రానికి చర్మం ఎర్రగా కందింది. నాకితే ఆ నూనెలన్నీ కడుపులోకే పోతాయి. మరి మగ కుక్కలు? గేటు దగ్గర బారు తీరాయి. "మేడం, పెళ్లిచూపులకు ఇంకో ఇద్దరొచ్చారు" అని మా వాచ్‌మన్ రోజూ రిపోర్టు ఇచ్చేవాడు. హీట్‌లో ఉన్న కుక్క మూత్రంలోనే ఆ వాసన ఉంటుంది. అది బయటికి వెళ్లిన ప్రతిసారీ రోడ్డు మీద కబురు వదిలి వస్తుంది. తోక మీద బామ్ పూస్తే ఏం ఆగుతుంది?

డైపర్ పనికిరానిదని అనను. నేల, సోఫా శుభ్రంగా ఉంటాయి. కానీ "డైపర్ వేస్తే క్రాసింగ్ అవ్వదు" అని చెప్పి అమ్మడం పచ్చి అబద్ధం. మగ కుక్క దాన్ని లాగేస్తుంది. పైగా గంటల తరబడి ఉంచితే ఒరుసుకుపోయి పుండు పడుతుంది. పిల్లల పాత కాటన్ చెడ్డీకి తోక పట్టేలా కన్నం చేసి, లోపల ప్యాడ్ పెట్టినా అదే పని జరుగుతుంది. తరచూ మార్చాలి, బయటికి తీసుకెళ్లేటప్పుడు విప్పాలి.

స్ప్రే పనిచేయలేదని చెప్పడానికి వెళ్తే అసలు బేరం బయటపడింది. "ఒక్క సూది వేస్తే ఆర్నెల్లు హీట్ ఉండదు మేడం, నేనే వేసేస్తా, చీటీ అక్కర్లేదు." వెట్‌ని అడిగితే అది మెడ్రాక్సీప్రొజెస్టరాన్ లాంటి హార్మోన్ సూది అయి ఉంటుందన్నారు. ఆ మందు గర్భసంచి లోపలి పొరను మందం చేస్తుంది, అక్కడ చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది. దాన్ని పయోమెట్రా అంటారు. సమయానికి వైద్యం అందకపోతే కుక్క ప్రాణం పోవచ్చు. రొమ్ము గడ్డలు, షుగర్ కూడా రావచ్చు. అప్పటికే హీట్‌లో ఉన్నదానికి వేయడం మరీ ప్రమాదం. క్రాసింగ్ అయ్యాక కడుపు నిలవకుండా "కడిగేసే సూది" అని ఇంకోటి చెప్తారు. అందులో ఈస్ట్రోజన్ ఉంటే ఎముక మజ్జ దెబ్బతిని రక్తం తయారవడమే తగ్గిపోవచ్చు. అయినా 1984 నాటి వెటర్నరీ కౌన్సిల్ చట్టం ప్రకారం వైద్యం చేయాల్సింది రిజిస్టరైన పశువైద్యులే. కౌంటర్ వెనకున్న కుర్రాడి చేతిలో సూది ఏంటి అసలు?

హీట్ మొత్తం దాదాపు మూడు వారాలు. అందరూ బోల్తా పడేది మధ్యలో. రక్తం ఎర్రగా ఉన్న మొదటి వారం, పది రోజులు చాలా కుక్కలు మగవాటిని దగ్గరికి రానివ్వవు. రంగు పలచబడి, "హమ్మయ్య, అయిపోయింది" అనుకునే రోజుల్లోనే తోక పక్కకి తిప్పి నిలబడతాయి. కడుపు వచ్చేది అప్పుడే. వాపు పూర్తిగా తగ్గేదాకా బెల్టు విప్పొద్దు, టెర్రస్ మీద, కాంపౌండ్‌లో ఒంటరిగా వదలొద్దు. ఇంట్లో ఆపరేషన్ కాని మగ కుక్క ఉంటే, అది సొంత తమ్ముడైనా సరే, వేరే గదిలో ఉంచాలి. పొరపాటున అతుక్కుంటే లాగకండి, రెండింటికీ గాయాలవుతాయి. అరగంట పట్టినా వాటంతట అవే విడిపోతాయి. తర్వాత నేరుగా వెట్ దగ్గరికి వెళ్లండి. కడుపు ఒక్కటే కాదు, వీధి కుక్కల్లో టీవీటీ అనే కణితి ఎక్కువగా జత కట్టినప్పుడు అంటుకుంటుంది. తగ్గుతుంది గానీ వారం వారం కీమో సూదులు వేయించాలి.

ఆపరేషన్‌కి హీట్ అయ్యాక రెండు మూడు నెలలు ఆగమంటారు, అప్పటికి రక్తనాళాల ఉబ్బు తగ్గుతుంది. చిట్టికి నవంబరులో చేయిస్తున్నాం. ఈలోగా అది నీళ్లు ఎక్కువ తాగుతోందా, తిండి మానేసిందా, కడుపు ఉబ్బిందా అని చూస్తూ ఉండమన్నారు. పయోమెట్రా ఎక్కువగా ఈ సమయంలోనే బయటపడుతుందట. కొన్నిసార్లు బయటికి చుక్క చీము కూడా రాదు.

షాపతను విప్పని డైపర్ ప్యాకెట్ వెనక్కి తీసుకున్నాడు, స్ప్రేకి మాత్రం "ఓపెన్ చేశారుగా" అన్నాడు. బిల్లు, సీసా ఫొటో పెట్టి కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు ఇచ్చాను. బిల్లు ఉండబట్టే కుదిరింది, మీరూ అడిగి తీసుకోండి. ఆపరేషన్ డబ్బులు తీసుకున్నాయన ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు.