ఓఎన్‌ఎస్ టీకా–మరణాల ఎక్సెల్ ఫైల్: ఎంత నమ్మొచ్చు, ఎలా చదవాలి

కొవిడ్ టీకా వేసుకున్నవారిలో, వేసుకోనివారిలో మరణాల రేటు ఎంతెంతో అధికారిక అంకెలతో పోల్చాలంటే, బ్రిటన్ జాతీయ గణాంక కార్యాలయం (ఓఎన్‌ఎస్) ఇంగ్లండ్‌కి విడుదల చేసిన ఎక్సెల్ ఫైల్‌ని మించినది ఉచితంగా దొరకడం కష్టం. ఐదుకు నాలుగు మార్కులు ధైర్యంగా వేయొచ్చు. తగ్గిన ఒక్కటీ ఎందుకో కూడా చెప్పాలి.

దీని బలమంతా హారంలో ఉంది. ఎంతమంది పోయారన్న దానితో ఆగకుండా, ఒక్కో వర్గం ఎన్ని మనిషి-సంవత్సరాలు (ఒక మనిషి ఏడాది గడిపితే ఒకటి) గడిపిందో కూడా ఇస్తారు. ఏప్రిల్ 16న మొదటి డోసు వేసుకున్న మనిషి ఆ నెలలో 15 రోజులు టీకా లేనివారి లెక్కలోకి, 15 రోజులు మొదటి డోసు లెక్కలోకి వస్తారు. మరణాలను మనిషి-సంవత్సరాలతో భాగించి లక్షతో గుణిస్తే ముడి రేటు, అంటే వయసు తేడాలను సర్దని రేటు, వస్తుంది. హారం లేకపోతే ఏమవుతుందో ఊహా లెక్కలో చూడండి: లక్ష మంది వృద్ధుల్లో 95,000 మంది టీకా వేసుకున్నారు, వాళ్లలో 19 మంది పోయారు. మిగతా 5,000 మందిలో 10 మంది పోయారు. చనిపోయినవారిలో ఎక్కువమంది టీకా వేసుకున్నవారే. రేటు మాత్రం టీకా వేసుకున్నవారిలో లక్షకు 20, వేసుకోనివారిలో 200.

వయసు దగ్గరే చాలామంది బోల్తా పడ్డారు. 2021 చివర్లో చక్కర్లు కొట్టిన గ్రాఫ్ పాత ఎడిషన్‌లోని 10–59 ఏళ్ల గడి నుంచి తీసింది. అందులో టీకా వేసుకున్నవారి మొత్తం మరణాల రేటు దాదాపు రెట్టింపు కనిపించింది. అంకె సరైనదే, పోలికే తప్పు. ఆ గడిలో టీకా లేనివారిలో బడిపిల్లలు ఎక్కువ, వేసుకున్నవారిలో యాభై దాటినవారు ఎక్కువ. చివరి ఎడిషన్‌లో 18–39 తర్వాత పదేళ్ల గడులున్నాయి కాబట్టి ఈ చిక్కు చాలావరకు తగ్గింది. మొదటి టేబుల్‌లోని రేట్లను 2013 యూరోపియన్ ప్రామాణిక జనాభాతో, అంటే అన్ని వర్గాల్లోనూ వయసుల పాళ్లు ఒకేలా ఉన్నాయనుకుని, సర్దుబాటు చేశారు.

టీకా పక్షాన వాడిన అంకెల్లోనూ ఇలాంటి తప్పే జరిగింది, అదీ చెప్పడం న్యాయం. 2021 జనవరి 2 నుంచి సెప్టెంబర్ 24 వరకు కలిపితే కొవిడ్ మరణాల రేటు టీకా లేనివారిలో లక్షకు 849.7, రెండు డోసులవారిలో 26.2. ముప్పై రెండు రెట్లన్న మాట అలా పుట్టింది. కానీ జనవరి ఉధృతిలో రెండు డోసులు పూర్తయినవారు చాలా తక్కువ, జనమంతా దాదాపు టీకా లేని గడిలోనే ఉన్నారు. ఆ తేడాలో కొంత టీకాది, కొంత క్యాలెండర్‌ది. అందుకే ఏ నెలకు ఆ నెలే పోల్చాలి.

ఫైల్ తెరిచాక ముందు వయసు, నెల ఫిల్టర్ పెట్టండి. తర్వాత కొవిడ్ వరుస కంటే ముందు కొవిడేతర మరణాల వరుస చూడండి. టీకాకు ఆ జబ్బులతో సంబంధం లేకపోతే రెండు వైపులా రేట్లు దగ్గరగా ఉండాలి, కానీ ఉండవు. డోసు వేసుకున్న తొలి 21 రోజుల్లో రేటు బాగా తక్కువ, ఎందుకంటే మంచాన పడి చివరి రోజుల్లో ఉన్నవారు టీకాకు వెళ్లరు. మొదటి డోసుతో ఆగిపోయినవారిలో రేటు ఎక్కువ, వాళ్లలో రెండో డోసు నాటికి ఆరోగ్యం క్షీణించినవారు ఉన్నారు కాబట్టి. ఈ తేడా ఎంతుందో చూశాకే కొవిడ్ రేట్ల నిష్పత్తికి విలువ కట్టండి. ఈ ఫైల్‌తో టీకా సామర్థ్యం కొలవలేమని ఓఎన్‌ఎస్ కూడా అంటోంది.

రేటు పక్కన ‘యూ’ గుర్తుంటే ఆ గడిలో మరణాలు 20 లోపే, దాని మీద వాదన కట్టొద్దు. కొవిడ్ మరణమంటే మరణ ధ్రువపత్రంలో ఎక్కడైనా కొవిడ్ పేరున్నది, అదే మూలకారణం కానక్కర్లేదు. కరోనర్ (అనుమానాస్పద, అసహజ మరణాలను విచారించే అధికారి) విచారణకు వెళ్లిన మరణాలు నెలల ఆలస్యంగా నమోదవుతాయి. యువకుల గడుల్లో ఈ లోటు ఎక్కువ.

మార్కు తగ్గింది పాత ఎడిషన్ల వల్ల. అవి 2011 జనగణనలో ఉన్నవారినే లెక్కలోకి తీసుకున్నాయి. ఆ తర్వాత ఇంగ్లండ్ వెళ్లిన తెలుగు డాక్టర్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు వాటిలో లేరు. తర్వాత 2021 జనగణనకు మారడంతో ఆ లోటు చాలావరకు పూడింది. కాబట్టి 2023 ఆగస్టులో వచ్చిన ఫైల్‌నే దించుకోండి. అందులో 2021 ఏప్రిల్ నుంచి 2023 మే వరకు మరణాలున్నాయి. 2021 తొలి మూడు నెలల కోసం మాత్రం పాత ఎడిషన్ వెతకాల్సిందే, ఆ రెండింటి అంకెలను ఒకే గ్రాఫ్‌లో కలపకండి.