ముట్టడిలో చిక్కిన జనానికి ఏది మేలు: బయటికి దారా, లోపలికి అన్నమా?

2024 సెప్టెంబరు 1, ఆదివారం. తెల్లవారేసరికి బుడమేరు నీళ్లు విజయవాడ సింగ్‌నగర్‌లోని మా ఇంటి గడప దాటాయి. మధ్యాహ్నానికి కింది వాటా మునిగింది. బియ్యం డబ్బా, గ్యాస్ బండ, నాలుగు బిందెల మంచినీళ్లు పట్టుకుని అందరం మేడెక్కాం. ఆ సాయంత్రం మొదలైన గొడవ రెండు రోజులు నడిచింది. మామయ్యగారేమో పడవ కనబడగానే వెళ్లిపోదామంటారు, నీళ్లు ఇంకా పెరిగితే ఎవరూ రాలేరని. మామ్మగారికి ఎనభై దాటాయి, మోకాళ్లు వంగవు. "నన్ను పిట్టగోడ మీంచి పడవలోకి ఎలా దింపుతావురా? ఇంత అన్నం, గుక్కెడు నీళ్లు వస్తే నేనిక్కడే పడి ఉంటా" అని ఆవిడ. ఇద్దరి మాటా నిజమే, అందుకే తెగలేదు. చివరికి సోమవారం పడవలో మామయ్యగారు పిల్లలిద్దర్నీ తీసుకుని వెళ్లారు. నేనూ మామ్మగారూ ఉండిపోయాం.

ఆ తర్వాత టీవీలో ముట్టడి వార్త వచ్చినప్పుడల్లా ఆ మేడే గుర్తొస్తుంది. నేను గుంటూరులో లా పిల్లలకు అంతర్జాతీయ చట్టం చెబుతాను. వాళ్లూ ఇదే ప్రశ్న వేస్తారు: ఊరిని సైన్యం చుట్టుముడితే పౌరుల్ని బయటికి తేవడం మేలా, లోపలికి తిండి పంపడం మేలా, లేక ఊళ్లోనే ఒక చోటు చూసి ఇక్కడ కాల్పులు ఉండవని గీత గీయడం మేలా? వరదతో పోల్చి చెబితే తొందరగా అర్థమవుతుంది. కాకపోతే ఒక తేడా చెప్పకుండా ఆ పోలిక వాడకూడదు. బుడమేరుకు మా మీద పగ లేదు. మేం ఆకలితో లొంగిపోవాలని అది ఎదురుచూడలేదు. ముట్టడి వేసినవాడు సరిగ్గా దానికోసమే కూర్చుంటాడు.

ఆ పద్ధతి మన దగ్గరా పాతదే. గుంటూరు నుంచి కొండవీడు కొండెక్కితే ఇంత ఎత్తున చెరువులు ఎందుకు కట్టించారా అనిపిస్తుంది. కింద శత్రువు తిష్ఠ వేస్తే పైన నీళ్లుండాలి, గింజలుండాలి. 1515లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి ఈ కోటను గెలిచాడు. గోడ ఎంత గట్టిదైనా లోపల గాదె ఖాళీ అయితే కోట పోతుందని ఆ రోజుల్లో ఇరుపక్షాలకూ తెలుసు.

అప్పటి రాజుల సంగతి సరే, చట్టం కూడా చాలాకాలం ఆకలి పక్షానే ఉంది. నా క్లాసులో పిల్లలు నమ్మని ముక్క ఇది. 1863లో అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యానికి ఇచ్చిన లీబర్ కోడ్ 18వ నిబంధన ఏమంటుందంటే, ముట్టడిలో ఉన్న సేనాని తిండి ఆదా కోసం పౌరుల్ని బయటికి తోలితే, వాళ్లను తిరిగి లోపలికి తరమడం చట్టబద్ధమే, లొంగుబాటు తొందరగా జరుగుతుంది కాబట్టి. క్రీస్తుపూర్వం 52లో, ఇప్పటి ఫ్రాన్స్‌లో ఉన్న అలేసియా కోట దగ్గర, రోమన్ సేనాని జూలియస్ సీజర్ చేసిందీ ఇదే. కోటలోంచి ఆడవాళ్లను, పిల్లల్ని, ముసలివాళ్లను పంపేస్తే సీజర్ దారి ఇవ్వలేదు. వాళ్లు రెండు సైన్యాల మధ్య ఉండిపోయారు. ఇంకా దగ్గరి కాలానికి వద్దాం. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్లు ముట్టడించిన రష్యా నగరం లెనిన్‌గ్రాడ్ నుంచి పారిపోయే పౌరుల మీద ఫిరంగులు పేల్చమన్న ఆదేశం గురించి జర్మన్ ఫీల్డ్ మార్షల్ ఫాన్ లేబ్‌ను యుద్ధం ముగిశాక న్యూరెంబర్గ్ యుద్ధ నేరాల కోర్టులో విచారించారు. 1948లో ఆ కోర్టు, చట్టం ఇలా ఉండకపోతే బాగుండేదని చింతిస్తూనే, ఆ ఆదేశం అప్పటి చట్టానికి విరుద్ధం కాదంది.

మరుసటి ఏడే, 1949లో, యుద్ధంలో పౌరుల రక్షణ కోసం నాలుగో జెనీవా ఒప్పందం వచ్చింది. మన దేశం 1950లో దాన్ని ఆమోదించింది, 1960లో దానికోసం ఒక చట్టమే చేసింది. ఇప్పటికీ ముట్టడి వేయడం దానంతట అది నేరం కాదు. శత్రు సైనికుల్ని చుట్టుముట్టవచ్చు, వాళ్లకు ఆయుధాలు అందకుండా చేయవచ్చు. పౌరుల్ని ఆకలితో మాడ్చడాన్ని యుద్ధ పద్ధతిగా వాడకూడదన్న సూటి మాట ఆ ఒప్పందానికి అనుబంధంగా చేసిన 1977 అదనపు ప్రోటోకాల్‌తో గానీ రాలేదు. ఆ ప్రోటోకాల్‌లో భారత్ చేరలేదు. అయినా ఆ నిషేధం ఇప్పుడు సంతకంతో పనిలేకుండా అందరికీ వర్తించే ఆచార చట్టమని రెడ్‌క్రాస్ అంతర్జాతీయ కమిటీ 2005లో తేల్చి చెప్పింది.

ఇక పోలికలోకి వెళ్దాం.

బయటికి దారి ఇవ్వడం. మామయ్యగారి పక్షం ఇది, చూడ్డానికి దీన్ని మించింది లేదు. బాంబు పడే చోట మనిషే లేకపోతే చావడు కదా. 1949 ఒప్పందం 17వ అధికరణ గాయపడ్డవాళ్లను, రోగుల్ని, వికలాంగుల్ని, ముసలివాళ్లను, పిల్లల్ని, బాలింతల్ని ముట్టడి ప్రాంతం నుంచి బయటికి తేవడానికి ఇరుపక్షాలూ స్థానికంగా ఒప్పందం చేసుకోవడానికి "ప్రయత్నించాలి" అంటుంది. ప్రయత్నించాలి, అంతే. ఆ క్రియ దగ్గర నేను ప్రతి ఏడాదీ ఓ పావుగంట ఆగుతాను. మన ఆఫీసుల్లో "ప్రయత్నిస్తాం" అంటే ఏమిటో పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు.

దారి తెరిచినా అందులో వెళ్లగలిగేది ఎవరు? మా పడవలో పిట్టగోడ దిగగలిగినవాళ్లే వెళ్లారు. మా వెనక వీధిలో ఒకాయన సొంత పడవ తెచ్చి మనిషికి ఇంత అని రేటు పెట్టాడు. డబ్బున్నవాళ్లు, కాళ్లున్నవాళ్లు ముందు. యుద్ధంలోనూ వరస ఇదే. మంచం పట్టినవాళ్లు, వాళ్లను వదల్లేని కూతుళ్లు మిగులుతారు. అసలు ప్రమాదం అప్పుడు మొదలవుతుంది. చుట్టూ ఉన్న సేనాని "దారి ఇచ్చాం, పొమ్మన్నాం, ఇంకా లోపల ఉన్నారంటే వాళ్లంతా శత్రువు మనుషులే" అంటాడు. ఈ వాదనకు చట్టంలో చోటు లేదు. హెచ్చరిక ఇచ్చాక కూడా ఉండిపోయిన పౌరుడు పౌరుడే. అయినా ప్రతి ముట్టడిలో ఇదే మాట, మైకులో ఒకసారి, కరపత్రంలో ఒకసారి.

ఇంకో చిక్కు, దారి పేరుతో ఊరే ఖాళీ అవడం. సిరియాలో అలెప్పో తూర్పు భాగాన్ని నెలల తరబడి ముట్టడించి, 2016 డిసెంబరులో ఒక ఒప్పందం మీద మిగిలినవాళ్లను ఆకుపచ్చ బస్సుల్లో తరలించారు. బతికి బయటపడ్డారనే మనం అనుకున్నాం. ఐక్యరాజ్యసమితి విచారణ కమిషన్ 2017 మార్చిలో దాన్ని బలవంతపు తరలింపుగా, యుద్ధ నేరంగా లెక్కగట్టింది. పౌరుల భద్రత కోసమో, తప్పనిసరి సైనిక అవసరం కోసమో జరిగింది కాదని దాని కారణం. ఎక్కేటప్పుడు మళ్లీ వస్తామన్న నమ్మకం లేని బస్సు అది. మా మామయ్యగారు మాత్రం వారం తిరక్కుండా బురద కడగడానికి చీపురుతో వచ్చేశారు.

లోపలికి తిండి పంపడం. ఇది మామ్మగారి పక్షం. అదే 1949 ఒప్పందం 23వ అధికరణ మందులు, ఆసుపత్రి సామాను పౌరులందరికీ వెళ్లనివ్వాలంటుంది. తిండి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి బిగబట్టింది: పదిహేనేళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు మాత్రమే. అదీ సరుకు దారి మళ్లి శత్రు సైన్యానికి చేరుతుందన్న గట్టి అనుమానం ఉంటే ఆపేయవచ్చు. అంటే మా మామ్మగారి లాంటి ఆవిడ 1949 లెక్కలో మందుబిళ్లకు అర్హురాలు, అన్నానికి కాదు. 1977లో దీన్ని పౌరులందరికీ విస్తరించారు, కానీ సంబంధిత పక్షాల ఒప్పుదల కావాలన్న మెలిక ఉంచారు. ఊరికే కాదనకూడదు అని పండితులు వ్యాఖ్యానం చెబుతారు. గేటు దగ్గర తుపాకీ పట్టుకున్నవాడు ఆ వ్యాఖ్యానం చదవడు.

దీనికి పెద్ద ఉదాహరణ బోస్నియా రాజధాని సరాయెవో. 1992 ఏప్రిల్ నుంచి 1996 ఫిబ్రవరి దాకా ముట్టడి. 1992 జూలైలో మొదలుపెట్టి మూడున్నరేళ్లు విమానాల్లో తిండి దింపారు, 12,000కు పైగా విమానాలు, సుమారు 1,60,000 టన్నులు. ఆ ఊరు ఆకలికి లొంగలేదంటే కారణాల్లో ఇదొకటి. అదే ఊళ్లో 1994 ఫిబ్రవరి 5న మార్కలే బజారు మీద ఒక్క గుండు పడి 68 మంది పోయారు. రొట్టె కోసం, నీళ్ల కోసం క్యూ కట్టినవాళ్ల మీదా గుళ్లు పడ్డాయి. తిండి మనిషిని నిలబెడుతుంది, గుండుకు అడ్డం పడదు. మామయ్యగారి వాదన ఇక్కడ గట్టిదని ఒప్పుకోవాల్సిందే.

పంపిణీ సంగతి కూడా ఉంది. మంగళవారం మా పక్క డాబా మీద డ్రోన్ పొట్లాలు వదిలింది, పాల ప్యాకెట్లు, బ్రెడ్డు, నీళ్ల సీసాలు. మెయిన్ రోడ్డు పక్కవాళ్లకు ముందే అందాయి, లోపలి సందులకు చివర. సరుకు ఊళ్లోకి రావడం ఒక పని, ఆఖరి సందు దాకా వెళ్లడం ఇంకో పని. ముట్టడిలో ఆ రెండో పని తరచుగా లోపలున్న సాయుధుల చేతుల్లో ఉంటుంది. వాళ్లు ముందు తమ వంట చూసుకుంటారు.

రక్షిత ప్రాంతం. దీని మీద ఎక్కువ రాయను. 15వ అధికరణ ఇరుపక్షాలూ రాతపూర్వకంగా ఒప్పుకుని తటస్థ ప్రాంతం పెట్టుకోవచ్చంటుంది. 1971 డిసెంబరులో ఢాకాలో రెడ్‌క్రాస్ ఇంటర్‌కాంటినెంటల్ హోటల్‌ను అలా నిలబెట్టింది. మన విమానాలు గవర్నర్ బంగళా మీద దాడి చేశాక తూర్పు పాకిస్తాన్ గవర్నర్ ఎ.ఎం.మాలిక్ రాజీనామా రాసిచ్చి ఆ హోటల్లోనే తలదాచుకున్నాడు. ఒక భవనం, లోపల ఆయుధాలుండవు, కొద్దిరోజుల పని, అందుకే నిలిచింది. అదే బోస్నియాలోని స్రెబ్రెనిత్సా ఊరిని 1993 ఏప్రిల్‌లో భద్రతామండలి 819వ తీర్మానంతో "సురక్షిత ప్రాంతం" అంది. 1995 జూలైలో ఆ ఊరు పడిపోయింది, 8,000 మందికి పైగా మగవాళ్లను, కుర్రాళ్లను చంపేశారు. కాగితం మీద సురక్షితమన్న పేరు వాళ్లను కాపాడలేదు. కాపలా కాసే బలం, ఇరుపక్షాల సంతకం రెండూ లేకపోతే ఈ మూడోదాన్ని నేను పోటీలోనే పెట్టను.

మిగిలిన రెంటిలో? ఒక్కటే ఎంచుకోవాల్సి వస్తే నేను తిండికే ఓటేస్తాను. తిండి వస్తుంటే మనిషి ఉండాలా, వెళ్లాలా అని ఆలోచించుకోగలడు. ఆకలి మీద తీసుకున్న నిర్ణయాన్ని సొంత నిర్ణయమనలేం. పొట్ట మాడ్చి, బస్సు తలుపు తెరిచి, "చూడండి, ఇష్టపడి ఎక్కారు" అంటే అలెప్పో అవుతుంది. అయితే గుళ్ల వాన కురిసే చోట పిల్లల్నీ, రోగుల్నీ బయటికి తేవడం ఒక్కరోజు కూడా ఆగకూడదు. నిజానికి ఒకే దారి రెండు పనులూ చేయగలదు. లెనిన్‌గ్రాడ్‌లో 1941 నవంబరు, డిసెంబరు నాటికి పిల్లలకు, పని లేనివాళ్లకు రోజుకు 125 గ్రాముల రొట్టె. లడోగా సరస్సు గడ్డకట్టాక ఆ మంచు మీద లారీలు పిండితో వచ్చేవి, మనుషులతో తిరిగి వెళ్లేవి. బాంబులు పడుతూనే ఉన్నా ఆ చలికాలంలో 5 లక్షల మందికి పైగా బయటపడ్డారు. ఎవరూ దయతలిచి ఇచ్చిన దారి కాదది, అందుకే దానికి షరతులు లేవు.

మా క్లాసు పిల్లలు చివరికి అడిగేది ఒకటుంటుంది: తిండి శత్రు సైనికుడికి పోతే? పోతుంది మేడమ్, అని వాళ్లే అంటారు. పోతుంది. సరాయెవో విమానాశ్రయం కింద 1993లో తవ్విన దాదాపు 800 మీటర్ల సొరంగంలోంచి పిండీ వెళ్లింది, తుపాకులూ వెళ్లాయి. నూరు బస్తాల్లో పది దారి మళ్లితే తొంభై ఆపేయాలా అన్నది నా ప్రశ్న. 1949లో రాసినవాళ్లు ఆపవచ్చన్నారు. నేను ఒప్పుకోను. క్లాసులో సగం మంది నాతో ఏకీభవించరు. వాళ్లలో ఒకడి తండ్రి సైన్యంలో పనిచేసి వచ్చారు. "ఆ పది బస్తాలు తిన్నవాడే మా నాన్న మీద కాల్పులు జరుపుతాడు మేడమ్" అన్నాడు. ఆ రోజు బెల్ కొట్టేదాకా నేను ఇంకో మాట వెతుక్కుంటూనే ఉన్నాను.