బోర్డో కుడి ఒడ్డున మెర్లో: ఎక్కడ దిగాలి, ఎక్కడ రుచి చూడాలి, దేనితో తినాలి

ఫ్రాన్స్‌లోని బోర్డో వెళ్లినవాళ్లలో చాలామంది నగరంలోనే హోటల్ తీసుకుని, ఒక పూట టూర్ బస్సులో సెయింట్ ఎమిలియన్ చూసి వచ్చేస్తారు. మెర్లో అనే ఎర్ర వైన్ ద్రాక్ష కోసం వెళ్లేవాళ్లకు మాత్రం అది చాలదు. గిరోండ్ నదీముఖానికి ఎడమ ఒడ్డున ఉన్న మెడోక్‌లో కాబెర్నే సావిన్యోన్ అనే మరో ద్రాక్షది పైచేయి. డోర్డోన్ నదికి కుడివైపున్న సెయింట్ ఎమిలియన్, పొమెరోల్ మెర్లో రాజ్యం. కనీసం ఒక రాత్రయినా ఇక్కడే ఉండాలి.

బోర్డో నుంచి సెయింట్ ఎమిలియన్‌కు రైల్లో నలభై నిమిషాల లోపే. స్టేషన్ మాత్రం ఊరికి దూరం, ద్రాక్షతోటల మధ్య నుంచి ఒకటిన్నర కిలోమీటరు పైనే నడవాలి. ఊళ్లో వీధులు నిటారుగా ఉంటాయి, పైగా అరిగి నున్నబడ్డ రాళ్లు. చక్రాల సూట్‌కేస్ అక్కడ నరకం, భుజాన వేసుకునే బ్యాగ్ మేలు. మేం దిగిన గెస్ట్‌హౌస్‌లో గది బాగానే ఉంది కానీ, రిసెప్షన్ సాయంత్రానికే మూసేశారు, తాళం కోసం ఫోన్లు చేస్తూ టెన్షన్ పడ్డాం. అయినా డబ్బు దండగ అనిపించలేదు. పగటి గుంపులు వెళ్లిపోయాక ఊరు ఊరిలా ఉంటుంది. ఖర్చు తగ్గించుకోవాలంటే పక్కనే ఉన్న లిబోర్న్ పట్టణం నయం. అందం తక్కువ, సౌకర్యం ఎక్కువ.

టేస్టింగ్ విషయంలో పేరును నమ్ముకోవద్దు. ఒక పెద్ద ఎస్టేట్‌లో గంటసేపు ఆర్కిటెక్చర్ గురించి చెప్పి, చివర్లో గ్లాసు అడుగు తడిసేంత పోశారు. మోంటాన్ వైపు ఒక చిన్న తోటలో యజమానే పీపాల దగ్గరికి తీసుకెళ్లి, ఒకే ఏడాది మెర్లోను రెండు పీపాల్లోంచి తీసి ఇచ్చారు. బంకమట్టి నేలలో పండినది మొదటిది: బాగా పండిన నల్ల ప్లమ్ వాసన, నోరంతా నిండే మెత్తదనం. రెండోది సున్నపురాయి నేలది. చెర్రీ వైపు మొగ్గు, పులుపు చురుగ్గా, చివర్లో నాలుక మీద సన్నటి వగరు. మెర్లో అంటే మెత్తటి వైన్ అని ఒక్క మాటలో తేల్చేసేవాళ్లకు ఆ రెండో గ్లాసు ఇవ్వాలి.

కారణం సులువే. బంకమట్టి నీటిని పట్టి ఉంచుతుంది, చల్లగా ఉంటుంది, ఆలస్యంగా పండే కాబెర్నే సావిన్యోన్‌కు అది పడదు. మెర్లో ముందే పండుతుంది కాబట్టి అక్కడ నెగ్గుకొస్తుంది. దాని తొక్క పలచన, టానిన్ (వగరునిచ్చే పదార్థం) తక్కువ. వైన్‌కు గట్టి వెన్నెముక కోసం కాస్త కాబెర్నే ఫ్రాంక్ అనే ద్రాక్ష కలుపుతారు. అన్నట్టు, డీఎన్ఏ పరీక్షల ప్రకారం మెర్లోకు ఒక పేరెంట్ కూడా అదే.

పొమెరోల్‌లో చూడటానికి పెద్దగా ఏమీ లేదు. చర్చి గోపురం, చుట్టూ తోటలు. పేరుమోసిన పెట్రస్ ఎస్టేట్ సుమారు 11.5 హెక్టార్లే. సందర్శకులను లోపలికి రానివ్వరు, బయట ఫొటో దిగి రావడమే.

ఇక భోజనం. లోపల గులాబీరంగు తగ్గకుండా వేయించిన బాతు రొమ్ము మాంసం, పక్కన వెల్లుల్లి, పార్స్‌లీతో వేపిన సెప్ పుట్టగొడుగులు. కుడి ఒడ్డు మెర్లోకు ఇంతకన్నా మంచి జోడీ నాకు దొరకలేదు. బాతు కొవ్వును వైన్ పులుపు కోసేస్తుంది, పుట్టగొడుగుల మట్టివాసన పాత సీసాలో ఉండే వాసనతో కలిసిపోతుంది. మాంసం తిననివాళ్లు ఆ పుట్టగొడుగులతోనే ఆమ్లెట్ అడగొచ్చు. లాంప్రే అనే పాములాంటి చేపను దాని రక్తంతో, రెడ్ వైన్‌లో వండుతారు. సాస్ అద్భుతం, చేప మాత్రం అందరికీ ఎక్కదు. ఆర్కషోన్ ఆయిస్టర్లతో మాత్రం మెర్లో వద్దు, నోట్లో ఇనుము రుచి మిగులుతుంది. అక్కడ తెల్ల వైనే సరి. సెయింట్ ఎమిలియన్ బాదం మకరోన్లు (బిస్కెట్లు) కూడా కాఫీతోనే బాగుంటాయి, ఆ తీపి మీద వైన్ పుల్లగా తగులుతుంది.

మధ్యాహ్నం రెండు దాటితే చాలా వంటగదులు మూసేస్తారు. టేస్టింగ్‌కు ముందే బుక్ చేసుకోవాలి. సర్వీస్ ఛార్జీ ధరలోనే ఉంటుంది, కుళాయి నీళ్ల జగ్గు అడిగితే ఉచితంగా ఇస్తారు. వేడి రోజున బయట కూర్చుంటే రెడ్ వైన్ వెచ్చబడి ఆల్కహాల్ ఘాటే పైకొస్తుంది. ఐస్ బకెట్ అడగడానికి మొహమాటపడొద్దు, పది నిమిషాలు చాలు. కొనాల్సిన సీసాలు మాత్రం సెయింట్ ఎమిలియన్ షాపుల్లో కాకుండా పక్క ప్రాంతాలైన ఫ్రోన్సాక్, కాస్టియోన్ వైపు చూడండి. మెర్లో అదే, లేబుల్‌కు కట్టే డబ్బు తగ్గుతుంది.