జాగ్రత్త: సగం ధరకు వస్తున్న 4-ఇన్-1 మాడ్యూల్ పార్సిల్ అందిన రోజే యూఎస్‌బీకి పెట్టి చూడండి

డ్రోన్లు, బొమ్మ విమానాలు నడిపే రిమోట్ (ట్రాన్స్‌మిటర్) వెనుక గుచ్చి, ఒకే రిమోట్‌తో వేర్వేరు కంపెనీల వాటిని నడుపుకునే 4-ఇన్-1 మల్టీప్రోటోకాల్ మాడ్యూళ్లు పేరూ ఊరూ లేని పెట్టెల్లో వస్తున్నాయి. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు మనవాళ్లు కొందరు ఒకే అమ్మకందారు దగ్గర తెప్పించుకుని ఇరుక్కున్నారు. పెట్టె విప్పగానే లైటు వెలుగుతుంది, లోపలున్న పాత ఫర్మ్‌వేర్‌తోనే (మాడ్యూల్‌ను నడిపే ప్రోగ్రాం) ఒక బొమ్మ డ్రోన్ బైండ్ కూడా అవుతుంది, అంటే రిమోట్‌తో జత కుదురుతుంది. కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించబోతేనే గుట్టు బయటపడుతుంది. అమ్మకందారును అడిగితే "మీ కంప్యూటర్లో డ్రైవర్ (పరికరాన్ని కంప్యూటర్ గుర్తించేలా చేసే ప్రోగ్రాం) లేదు" అని ఒకటే జవాబు. ఆ మాట నమ్మి డ్రైవర్లు మారుస్తూ కూర్చుంటే రిటర్న్ గడువు కాస్తా దాటిపోతుంది. తప్పు డ్రైవర్‌దా, మాడ్యూల్‌దా అన్నది ఒక్క పూటలో తేలే విషయం.

మాడ్యూల్‌ను ట్రాన్స్‌మిటర్ నుంచి ఊడదీయండి, యాంటెన్నా బిగించే ఉంచండి. రెండు వైపుల నుంచీ ఒకేసారి కరెంటు ఇవ్వకూడదు. ఫోన్‌లోని ఫోటోలు కంప్యూటర్లోకి ఎక్కించిన కేబుల్ ఏదైనా ఉంటే అదే వాడండి. చార్జింగ్‌కు మాత్రమే ఇచ్చే కేబుళ్లలో డేటా తీగలు ఉండవు, లైటు వెలిగినా కంప్యూటర్‌కు ఏమీ అందదు.

విండోస్‌లో డివైస్ మేనేజర్ (కంప్యూటర్‌కు తగిలించిన పరికరాల జాబితా) తెరిచి ఉంచి అప్పుడు మాడ్యూల్‌ను యూఎస్‌బీకి గుచ్చండి. "మేపుల్ డీఎఫ్‌యూ" (డీఎఫ్‌యూ అంటే యూఎస్‌బీ ద్వారా ఫర్మ్‌వేర్ ఎక్కించే పద్ధతి) అని పసుపు గుర్తుతో వస్తే అది నిజంగానే డ్రైవర్ సమస్య. జడిగ్ అనే డ్రైవర్లు పెట్టే ప్రోగ్రాం తెరిచి దానికి విన్‌యూఎస్‌బీ డ్రైవర్ పెడితే పోతుంది. ఆ పేరు కనిపించి మాయమైపోతే కంగారుపడొద్దు, అది బూట్‌లోడర్ (కరెంటు రాగానే మొదట నడిచే చిన్న ప్రోగ్రాం), కొద్దిసేపే ఆగి అసలు ప్రోగ్రాంలోకి వెళ్లిపోతుంది. "సీపీ210ఎక్స్" పేరుతో కామ్ పోర్టు వస్తే మీ మాడ్యూల్ సీరియల్ పద్ధతిది, దానికి డీఎఫ్‌యూతో పనే లేదు.

"అన్‌నోన్ డివైస్, డిస్క్రిప్టర్ రిక్వెస్ట్ ఫెయిల్డ్" అని వస్తే మాత్రం డ్రైవర్ ముట్టుకోకండి. మంచి కేబుల్‌తో, వేరే పోర్టులో, వేరే కంప్యూటర్లో కూడా అదే వస్తే లోపం బోర్డులోనే ఉంది. యూఎస్‌బీలోని రెండు డేటా తీగల్లో ఒకటైన డీ-ప్లస్‌ను 3.3 వోల్టులకు లాగి పట్టే రెసిస్టర్ 1.5 కిలో ఓములు ఉండాలి. ఈ మాడ్యూల్‌లో ఉండే ఎస్‌టీఎం32ఎఫ్103 చిప్‌తోనే వచ్చే చవక బ్లూ పిల్ అనే చిన్న సర్క్యూట్ బోర్డుల్లో అక్కడ 10 కిలో ఓములది పెట్టడం అందరికీ తెలిసిన లోపమే, కాబట్టి ఇక్కడా మొదట అనుమానించాల్సింది దాన్నే. 10 కిలో ఓముల దానికి సమాంతరంగా 1.8 కిలో ఓములది అతికిస్తే 1.5 దగ్గరకు వస్తుంది. అయితే టంకం పెడితే రిటర్న్ హక్కు పోయినట్టే. గడువు లోపల ఆ పని చేయకండి, వెనక్కి పంపేయండి.

అసలేమీ కనిపించకపోతే, కేబుల్ మంచిదే అయితే, చాలాసార్లు చిప్‌లో బూట్‌లోడరే ఉండదు. దీన్ని టంకం లేకుండానే తేల్చవచ్చు. 3.3 వోల్టుల సిగ్నల్‌కు మార్చిన యూఎస్‌బీ-టీటీఎల్ అడాప్టర్ (కంప్యూటర్ యూఎస్‌బీని చిప్ సీరియల్ తీగలకు కలిపే చిన్న పరికరం) తీసుకుని దాని టీఎక్స్‌ను (పంపే తీగ) మాడ్యూల్ ఆర్‌ఎక్స్‌కు (అందుకునే తీగ), ఆర్‌ఎక్స్‌ను టీఎక్స్‌కు, గ్రౌండ్‌ను గ్రౌండ్‌కు కలపండి, బూట్0 అని రాసిన పిన్నులపై జంపర్ (రెండు పిన్నులను కలిపే చిన్న టోపీ) పెట్టండి, ఆ తర్వాతే 5 వోల్టులు ఇవ్వండి. ఈ మాడ్యూళ్లకు ఫర్మ్‌వేర్ ఎక్కించే ఫ్లాష్ మల్టీ ప్రోగ్రాంలో అడాప్టర్ పోర్టు ఎంచుకుని, బూట్‌లోడర్ కూడా రాయమని టిక్ పెట్టి ఎక్కించండి. పని అయ్యాక జంపర్ తీయడం మరువకండి. తీయకపోతే ఎక్కించిన ప్రోగ్రాం మొదలవదు, ట్రాన్స్‌మిటర్‌కు మాడ్యూల్ కనిపించదు.

అసలు మోసం ఇక్కడే దొరుకుతుంది. ఈ మాడ్యూల్‌కు 128 కేబీ మెమరీ ఉన్న సీబీ రకం చిప్ ఉండాలి. బూట్‌లోడర్ మొదటి 8 కేబీ తీసుకుంటుంది, ఫర్మ్‌వేర్ 08002000 చిరునామా (చిప్ మెమరీలో చోటు సంఖ్య) నుంచి మొదలవుతుంది. కొన్నిటిలో 64 కేబీ అని రాసుండే సీ8 రకం పెట్టి పైన అక్షరాలు గీకేస్తున్నారు. రాయడం సరిగ్గా 08010000 దగ్గర ఆగిపోతే 64 కేబీ అక్కడితో అయిపోయిందని అర్థం. ఏ డ్రైవరూ దాన్ని పెంచలేదు. మొదటి అక్షరం కూడా రాయనివ్వకపోతే చిప్‌కు రీడ్ ప్రొటెక్షన్ తాళం ఉండొచ్చు. అది తీస్తే లోపలిదంతా చెరిగిపోతుంది, కనుక తీసే ముందు అమ్మకందారుకు రాతపూర్వకంగా చెప్పండి.

పెట్టె విప్పడం నుంచి ఎర్రర్ సందేశం వరకు ఒకే వీడియోగా తీయండి. మీ పిన్‌కోడ్‌కు రిటర్న్ పికప్ ఉందో లేదో కొనకముందే చూసుకోండి. లేకపోతే వెనక్కి పంపే ఖర్చు ఎవరిదో ముందే అడిగి రాయించుకోండి. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఆన్‌లైన్ అమ్మకపు వేదిక మీ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. స్పందన లేకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. దానితోనూ తేలకపోతే, అమ్మినవాడు ఢిల్లీలో ఉన్నా, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు ఉండదు.