నైట్రోను (-NO₂ గ్రూపును) అమీన్‌గా (-NH₂) మార్చడానికి ఇనుప పొడి మేలా, పల్లాడియం మేలా?

ల్యాబ్‌లో జూనియర్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. అడిగిన ప్రతిసారీ నేను తిరిగి అడిగేదీ ఒకటే: "బెంజీన్ రింగ్ మీద ఇంకేం ఉంది?" దిగుబడి, టైమ్, ఫిల్టర్ చేసే శ్రమ అన్నీ దీని తర్వాతే.

ఈ సంగతి నాకు పారా-బ్రోమోనైట్రోబెంజీన్ దగ్గర తెలిసొచ్చింది. పల్లాడియం-కార్బన్ ఉత్ప్రేరకం వేసి, హైడ్రోజన్ బెలూన్ తగిలించి రాత్రంతా వదిలేశాను. పొద్దున టీఎల్‌సీ (పలచటి పొర మీద పదార్థాలను మచ్చలుగా విడదీసి చూసే పరీక్ష) చూస్తే నైట్రో స్పాట్ పూర్తిగా పోయింది, కింద చక్కగా ఒకే స్పాట్. మాస్‌కి (అణువు బరువు చూసే మాస్ స్పెక్ట్రోమెట్రీకి) పంపాను. బ్రోమోఎనిలిన్ అయితే 172, 174 దగ్గర దాదాపు ఒకే ఎత్తులో రెండు పీకులు జంటగా రావాలి. వచ్చింది 94 దగ్గర ఒక్కటే. అంటే ఫ్లాస్కులో ఉన్నది ఉత్త ఎనిలిన్. తర్వాతి స్టెప్‌లో సుజుకి కప్లింగ్‌కి (కొత్త కార్బన్-కార్బన్ బంధం కట్టే రియాక్షన్‌కి) కావాల్సిన బ్రోమిన్ ఊడిపోయింది.

పల్లాడియం దగ్గర అయోడిన్ అన్నిటికంటే తేలిగ్గా పోతుంది, తర్వాత బ్రోమిన్, ఆ తర్వాత క్లోరిన్. ఫ్లోరిన్ మామూలుగా నిలబడుతుంది. నైట్రో ఉన్నంతసేపు అదే ఉత్ప్రేరకాన్ని గట్టిగా పట్టుకుని ఉంటుంది కాబట్టి హాలోజన్‌కి అంత ప్రమాదం ఉండదు. నైట్రో అయిపోయాకే అసలు నష్టం మొదలవుతుంది. ఒక మోల్ నైట్రోకి మూడు మోల్స్ హైడ్రోజన్ చాలు. అక్కడ ఆపకుండా రాత్రంతా నడవనివ్వడమే నేను చేసిన పొరపాటు. బెంజైల్ ఈథర్, డబుల్ బాండ్ ఉన్నా ఇదే టెన్షన్.

మొన్న అదే పదార్థం మళ్లీ కావాల్సి వచ్చినప్పుడు ఆలోచించకుండా ఇనుము వైపే వెళ్లాను. ఐదు ఈక్వివలెంట్ల (మోల్స్ లెక్కన ఐదు రెట్లు) ఇనుప పొడి, అమ్మోనియం క్లోరైడ్, ఇథనాల్-నీళ్ల మిశ్రమం, 75-80 డిగ్రీల వేడి. 1854లో ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త బెచాంప్ ఇనుము, ఎసిటిక్ ఆమ్లంతో చేసిన పద్ధతికి ఇది తీవ్రత తగ్గించిన రూపం. ఇనుము కార్బన్-బ్రోమిన్ బంధం జోలికి పోదు. ఈసారి మాస్‌లో 172, 174 జంట కనబడేసరికి ప్రాణం లేచొచ్చింది.

ఇనుముతో ఇబ్బంది కలపడంలో, వడకట్టడంలో ఉంది. మాగ్నెటిక్ బార్ వేస్తే పొడంతా దానికే అతుక్కుని ముద్దవుతుంది. పైనుంచి తిరిగే మెకానికల్ స్టిరర్ పెట్టుకోండి. రియాక్షన్ అయ్యాక మిగిలే నల్లటి బురదను వేడిగా ఉండగానే సెలైట్ (వడపోతకు వాడే మెత్తటి పొడి) మీద వడకట్టాలి. చల్లారితే అమీన్‌లో కొంత ఆ బురదలోనే ఉండిపోతుంది. వేడి ఇథైల్ ఎసిటేట్‌తో కడుగుతూ, కారే చుక్కలో స్పాట్ కనబడనంతవరకు ఆపకండి.

వర్కప్ (రియాక్షన్ అయ్యాక పదార్థాన్ని వేరు చేసే పని) కూడా రింగ్ మీది గ్రూపును బట్టే మారుతుంది. కాంజుగేట్ ఆమ్లం పీకేఏ (ఇది ఎంత ఎక్కువైతే అమీన్ అంత బలమైన క్షారం) పారా-ఎనిసిడిన్‌కి, అంటే మెథాక్సీ ఉన్న ఎనిలిన్‌కి, సుమారు 5.3, ఎనిలిన్‌కి 4.6, పారా-నైట్రోఎనిలిన్‌కి 1. మెథాక్సీ ఎలక్ట్రాన్లను రింగులోకి తోస్తుంది, నైట్రో లాగేసుకుంటుంది. అందుకే ఎనిసిడిన్‌ను పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలోకి లాగి, మలినాలను ఇథైల్ ఎసిటేట్ ఉండే పైపొరలో వదిలేసి, మళ్లీ క్షారంతో బయటకు తీయొచ్చు. నైట్రోఎనిలిన్‌తో ఈ కిటుకు పనిచేయదు. అది పలచటి ఆమ్లంలో సరిగా కరగదు, చాలావరకు పైపొరలోనే ఉండిపోతుంది.

అలాగని పల్లాడియంను పక్కన పెట్టమనడం లేదు. ఇథైల్ పారా-నైట్రోబెంజోయేట్ నుంచి బెంజోకెయిన్ (తిమ్మిరెక్కించే మందు) చేయాలంటే నేనూ హైడ్రోజనే వాడతాను. ఎస్టర్‌కి ఏమీ కాదు, ఫిల్టర్ చేసి ద్రావకం ఎగరగొడితే చాలు. ఎస్టర్ బదులు కార్బాక్సిలిక్ ఆమ్లం ఉంటే హైడ్రోజన్ ఇంకా మేలు, ఎందుకంటే ఎమినోబెంజోయిక్ ఆమ్లాలు ఇనుప లవణాలతో కలిసిపోయి వేరు చేయడానికి చుక్కలు చూపిస్తాయి. ఒక్కటి గుర్తుంచుకోండి. నైట్రో ఒక్కసారిగా అమీన్ కాదు, నైట్రోసో, హైడ్రాక్సిలమీన్ మీదుగా వస్తుంది. ఎలక్ట్రాన్లను లాగే గ్రూపులు ఉంటే హైడ్రాక్సిలమీన్ పోగుపడే ప్రమాదం ఎక్కువ. పైగా ఈ రియాక్షన్‌లో మోల్‌కి 500 కిలోజౌళ్లు దాటి వేడి వస్తుంది. గ్రాముల్లో చేసినంత ధైర్యంగా కిలోల్లో చేయకూడదు. వడకట్టిన పల్లాడియంను మెథనాల్ తడితో గాలికి ఆరనిస్తే అంటుకుంటుంది, నీళ్లతో తడిపి ఉంచండి.

తగరం, హైడ్రోక్లోరిక్ ఆమ్లం? పనిచేస్తుంది, కానీ క్షారం వేయగానే తగరం హైడ్రాక్సైడ్ జిగురులా పట్టుకుంటుంది. సోడియం డైథయోనైట్ చిన్న మోతాదుకి పర్వాలేదు.

రెండు నైట్రోల్లో ఒకదాన్నే మార్చాలంటే మాత్రం ఇనుమూ వద్దు, పల్లాడియమూ వద్దు. 1842లో రష్యన్ రసాయన శాస్త్రవేత్త జినిన్ వాడిన సల్ఫైడ్ దారే పట్టండి. మెటా-డైనైట్రోబెంజీన్‌లో ఒక నైట్రో అమీన్‌గా మారగానే, అది రింగులోకి ఎలక్ట్రాన్లను తోసి రెండో నైట్రోను మొండిగా చేస్తుంది. సల్ఫైడ్‌కి దాన్ని కదిలించేంత బలం ఉండదు. మెటా-నైట్రోఎనిలిన్ దగ్గరే ఆగిపోతుంది.